పురుగు పుట్టకముందే కందిరీగలు ఇప్పించుట గురించి

వ్యవసాయాధికారి గారికి,

అయ్యా,

విషయం: మొక్కజొన్న చేనులో వదలవలసిన కందిరీగల కార్డులు (కందిరీగలు వెలువడు గుడ్లు అంటించిన అట్టలు) ఆరు, పురుగు చూపలేదన్న కారణముచే నిలిపివేయబడుట – వెంటనే ఇప్పించుట గురించి.

నేను కళాశాలలో గణితం చెప్పువాడను. మా అక్క మూడెకరాలు మొక్కజొన్న వేసినది. కాండం తొలిచే పురుగు ఎప్పుడు గుడ్లు పెట్టునో, దాని మీదకు ఎన్ని కందిరీగలను ఏ రోజు వదలవలెనో సమీకరణాలు కట్టి తేల్చితిని. విత్తిన ఇరవై మూడవ రోజు. ఆ లెక్క నమ్మి అక్క చేనులో మందు చుక్క పడనివ్వలేదు. విత్తి నేటికి ఇరవై ఐదు రోజులు.

1. నా దరఖాస్తును "పురుగు నమూనా జతపరచలేదు" అని తిప్పి పంపినారు. ఈ కందిరీగ పురుగును ముట్టదు. పురుగు గుడ్డులో తన గుడ్డు పెట్టును. పురుగు పుట్టినదా, దీని పని అయిపోయినట్లే. ఇల్లు కాలిన గుర్తు చూపితే గాని బావి తవ్వమంటే ఎలాగండీ?

2. గుమాస్తాగారు నా లెక్క కాగితం అటూ ఇటూ తిప్పి, "ఈ ఎన్, పి ఎవరండీ? లబ్ధిదారులైతే సంతకాలేవీ?" అన్నారు. ఎన్ అనగా పురుగు గుడ్లు, పి అనగా కందిరీగలు అని మనవి చేసుకొంటిని. "అయితే వాళ్ళ తరఫున మీరే పెట్టేయండి" అన్నారు. పెట్టితిని. సిగ్గు విడిచి రెండు చోట్లా పెట్టితిని.

3. కార్డులు తమ స్టోరు ఫ్రిజ్‌లోనే ఉన్నవి. కళ్ళారా చూచితిని. చలిలో రోజుకెన్ని కందిరీగలు చచ్చునో నా లెక్కలో ఉన్నది. తమ సంతకానికి ఎన్ని రోజులు పట్టునో వేయబోతే ఏ అంకె రాయాలో తెలియలేదు.

4. అక్క పొద్దున, "ఏరా, ఇవాళైనా ఇస్తారా? గట్టు పక్కాయన మందు కొట్టేశాడు, నన్నూ కొట్టమంటున్నాడు. నువ్వు ఆగమన్నావని ఆగాను" అంది. ఏం చెప్పమంటారు?

కావున కార్డులు నేడే ఇప్పించగలందులకు, ఈ నాలుగు ముక్కలూ ఓపికతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
చేను గలామె తమ్ముడు

తా.క.: తమరు సెలవులో ఉన్నారని అర్జీ మూడు రోజులు నా జేబులోనే ఉంది. నిన్న చూస్తే లేత ఆకుల్లో వరసగా చిల్లులు. అక్క మందు కొట్టించింది. డబ్బా వీపున మోసింది నేనే. ఇక కార్డులు పంపకండి, ఆ మందులో ఒక్క కందిరీగ బతకదు. "పోనీలేరా, లెక్కలన్నాక ఒక్కోసారి తప్పుతాయి" అని అక్క నా వీపు నిమిరింది. లెక్క తప్పలేదండీ. ఆ ఒక్క ముక్క తమరే ఆమెకు రాసి పంపండి, నేను చెబితే నమ్మడం లేదు.