తీగ తెలియని వేళ్లు

ఆదివారం, రేణిగుంట, 1998

సాయంత్రం చర్చిలో ప్రాక్టీసు చేస్తుంటే నా బేస్ గిటార్ చప్పబడిపోయింది. చూపుడువేలు, నడిమివేలు ఆడుతూనే ఉన్నాయి గానీ వాటి కింద తీగ ఉన్నట్టే నాకు తెలియలేదు. డ్రమ్స్ ప్రభాకర్ వాయించడం ఆపేశాడు.

"ఏమప్పా, బేస్ యాడ పోయింది?"

"తీగ వదులైనట్టుంది" అన్నాను.

కీబోర్డు శామ్యూల్ జేబులోంచి తీగలు మీటే ప్లాస్టిక్ బిళ్ల, పిక్, తీసి ఇచ్చాడు. "దీంతో వాయించన్నా, గట్టిగా పలుకుతాది."

పిక్‌తో కొడితే గిటార్ అరుస్తుందని, వేళ్లతో మీటితేనే మాట్లాడుతుందని ఎన్నేళ్లుగానో వాడితో వాదిస్తున్నాను. ఈరోజు మాట్లాడకుండా తీసుకున్నాను. బాగానే పలికింది. పాట మధ్యలో వాడే నవ్వుతూ, "పిక్ కింద పడిపోయుండాది సూడన్నా" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. అది ఎప్పుడు జారిందో నా వేళ్లకు తెలియనే లేదు.

రాజయ్య మామకు కుష్ఠు ఇలాంటి తిమ్మిరితోనే మొదలైంది. ఆ తరువాత ఇంట్లో ఆయన కంచం, గ్లాసు వేరుగా పెట్టారు.

అన్నం తిన్నాక నా భార్య సుగుణకు చెప్పేశాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"కండ్లు మూసుకోయ్యా. యా వేలు నొక్కతా ఉండానో చెప్పు."

కళ్లు మూసుకుని కాసేపు ఆగి, "నొక్కు మరి" అన్నాను.

కళ్లు తెరిచాను. ఆమె గోరు నా చూపుడువేలిలో దిగి ఉంది.

"తెల్లారంగానే తిరుపతి ఆస్పత్రికి పోదాం" అంది.

ఆమెకు అంటుకుంటుందేమోనని చెయ్యి లాక్కోబోయాను. వదల్లేదు.

ఇప్పుడు నిద్రపోతోంది. నేను ఎక్కడ పడుకోవాలో తెలియక, పెన్ను పిడికిట్లో పట్టుకుని ఇది రాస్తున్నాను.