ఆఖరి చెంబు నీళ్ళు

మార్చి 4
నా చిన్ననాటి నేస్తం మేయ్ చైనీస్‌లో రాసిన నవల ఇంగ్లీషులో వచ్చింది. మా అమ్మాయి సుజి కొనుక్కొచ్చింది, తొమ్మిదో నెల పొట్టతో ఆయాసపడుతూ. "ఇందులో అమ్మమ్మ ఉంది కదా, మా?" ఉంది. నేను చైనీస్‌లోనే చదివేశాను. చైనీస్ బడిలో మేయ్ పక్కన కూర్చుని నేర్చుకున్నది ఇన్నేళ్ళకి అక్కరకొచ్చింది. సుజికి ఆ లిపి రాదు. చదవనీ, తన అమ్మమ్మ గురించి.

మార్చి 5
అమ్మ మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది. పొద్దునా సాయంత్రం నేల మీద కూర్చుని కాళ్ళు చాపి చూసుకుంటుంది. "కాల్లు సాపితేనే కదే పిల్లకి నీల్లు పోసేది."
మేయ్‌ని కూడా ఆ కాళ్ళ మీదే పడుకోబెట్టింది. మా రబ్బరు తోటలో చైనీస్ కొట్టు వాళ్ళ పిల్ల. వాళ్ళమ్మకి పురుడొస్తే చూసే దిక్కు లేదు. రబ్బరు పాలు తీసే పని అయ్యాక అమ్మే రోజూ వెళ్ళి నీళ్ళు పోసేది.

మార్చి 7
ఇంగ్లీషు పేపర్లో సమీక్ష. నవల మొత్తంలో ఒళ్ళు గగుర్పొడిచే ఘట్టం ఇదేనట — భారతీయ కూలి మనిషి పసిబిడ్డ చుట్టూ నీళ్ళు తిప్పి మంత్రం వెయ్యడం. మంత్రమా! తర్వాతి అధ్యాయంలో పాపకి జ్వరం వస్తుంది కదా, అది ఆమె చేతబడేనట.
ఈయన గారి తలకాయ.

మార్చి 8
రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను.
చైనీస్‌లో — స్నానం అయ్యాక ఆఖరి చెంబు పిల్ల చుట్టూ తిప్పి పారబోసి, "శ్రీరామ రక్ష, నూరేళ్ళ ఆయుష్షు" అంటుంది. మేయ్ ఆ మాటల్ని మన భాషలోనే ఉంచింది, చైనీస్ అక్షరాల్లో. కింద అర్థం కూడా రాసింది. కూడబలుక్కుని చదివితే అచ్చం అమ్మ గొంతే. చైనీస్ పత్రికలన్నీ ఆ పేజీని ఎంత మెచ్చుకున్నాయి!
ఇంగ్లీషులో — "ఆమె తన భాషలో ఏదో గొణిగింది." అంతే. ఏదో! అర్థం ఎదురుగా రాసిపెట్టి ఉంటే కోసి పారేశారు. ఎవరిని అడిగి?

మార్చి 11
ఇంకో సమీక్ష. రచయిత్రి ఆ కూలి స్త్రీకి గొంతు ఇవ్వలేదని ఈవిడ బాధ. ఇచ్చింది తల్లీ, ఇచ్చింది. మధ్యలో నొక్కేసింది ఎవరో అది కనుక్కో.

మార్చి 13
సుజి పుస్తకం ముగించింది. రోజూ అమ్మమ్మ పక్కన కూర్చుని పొట్ట మీద చెయ్యి వేయించుకునే పిల్ల, ఇవాళ కుర్చీ ఇవతలికి జరుపుకుంది. నేను చూశాను.
అమ్మ లేనప్పుడు కూర్చోబెట్టి అంతా చెప్పాను, చైనీస్ పేజీ చూపించి మరీ. తల ఊపింది, ఎప్పటిలా మలేషియా వాళ్ళ "లా" తగిలించి. "తెలుసు లా మా, కథే కదా." పొట్ట నిమురుకుంటూ — "కానీ అమ్మమ్మ నిజంగానే నీళ్ళు తిప్పుతుంది కదా?"
నాకు ఒళ్ళు మండిపోయింది. నెలలు నిండిన మనిషిని ఏమంటాను?

మార్చి 15
మేయ్‌కి ఫోన్ చేశాను, కౌలాలంపూర్‌కి. తనకి తెలుసట! అనువాదకుడు అడిగాడట — అలా తెలిసీ తెలియకుండా ఉంటేనే బాగుంటుందని. సరేనందట. "అందరికీ ఆ సీనే నచ్చింది. ఇప్పుడెలా మార్చమంటాను?"
నచ్చిందట. నిన్ను కాళ్ళ మీద వేసుకుని పెంచిన మనిషిని మంత్రగత్తెని చేస్తే అందరికీ నచ్చిందట. పెట్టేశాను ఫోన్.

మార్చి 16
అమ్మ అడిగింది. "కొట్టోల్ల పాప నా గురించి ఏటి రాసినాదే?" చైనీస్ పేజీ తెచ్చి చదివాను. శ్రీరామ రక్ష దగ్గరికొచ్చేసరికి తనే అందుకుంది, పెద్దగా. "మరిసిపోనేదే పిల్ల," అని ఒకటే సంబరం.
ఇంగ్లీషు సంగతి చెప్పలేదు. ఏ నోటితో చెప్పను?

మార్చి 25
ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.

మార్చి 28
సుజి హాస్పిటల్ నుంచి వచ్చింది. రేపటి నుంచి నర్సు వచ్చి స్నానం చేయిస్తుందట. అమ్మ వినిపించుకోలేదు. "పురుడు నాడు మాత్రం నానే." మళ్ళీ నూనె సీసా తీసింది.

ఏప్రిల్ 4
ఇవాళ పదకొండో రోజు, పురుడు. సుజి తనే పిల్లని తెచ్చి అమ్మ కాళ్ళ మీద పడుకోబెట్టింది. నా ప్రాణం లేచొచ్చింది. నూనె, సున్నిపిండి, గోరువెచ్చని నీళ్ళు... పిల్ల ఏడ్చి ఏడ్చి మెత్తబడింది. అమ్మ ఆఖరి చెంబు ఎత్తింది.
"అమ్మమ్మా... ఆ చెంబు వద్దు లా."
సుజి వంగి పిల్లని తువ్వాల్లో చుట్టి ఎత్తేసుకుంది.
అమ్మ చెంబులో వేలు ముంచి చూసుకుంది. "ఔనే, సల్లారిపోనాయి. పిల్లకి సలేసెత్తాది." నా వైపు తిరిగి — "ఎల్లి ఏడి నీల్లు అట్రా."
సుజి నా మొహం చూడలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది, పిల్లని గుండెకి హత్తుకుని.
వంటింట్లో నిలబడి ఇది గీకుతున్నాను. అమ్మ ఇంకా కాళ్ళు ముడవలేదు. మళ్ళీ చాపలేనేమో అని భయం.
నీళ్ళు కాగాయి. అమ్మ పిలుస్తోంది.