చొక్కాకు రెండో చెయ్యి

అక్కా, నేను బాగానే ఉన్నానని ముందు అమ్మకు చెప్పి, తర్వాత ఇది చదువు.

బట్టల ఫ్యాక్టరీలో నా పని చొక్కాలకు ఎడమ చెయ్యి కుట్టడం. పదకొండు రోజులుగా అదే. నిన్న ఉండబట్టలేక ఒకదానికి కుడి చెయ్యి కూడా కుట్టేశాను. "అది పక్కమ్మాయి పని! నిన్నెవరు కుట్టమన్నారు?" అంటూ సూపర్‌వైజరమ్మ అందరి ముందూ నాతోనే కుట్లు విప్పించింది. ఊళ్లో సగం మందికి పెళ్లిబట్టలు కుట్టినదాన్ని, ఒళ్లు మండిపోయింది.

అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? నా మిషనుకు దుమ్ము పట్టనివ్వకు. నాన్న పాత చొక్కా ఒకటి కొలతకు పంపు. ఇంటి ఓనరమ్మ దగ్గర మిషనుంది, ఆదివారం కాలరు నుంచి గుండీల దాకా మొత్తం నేనే కుడతాను.

నీ చంటిదానికి ముద్దులు. దాని గౌను ఇంకెవరి చేతా కుట్టించకు, నేనే వస్తాను.

నీ చెల్లి