చల్లారిన టీ

చిరంజీవి అబ్బాయికి,

దీవెనలు చివర్లో రాస్తాను, ముందు నా కోపం రాయనీ.

రెండు బస్సులు మారి ఆఫీసుకు పోయే కోడలు కారు నేర్చుకుంటానంటే, "పిల్లలతో అయ్యే పనేనా? అందుకోగలిగిన లక్ష్యం ఏదైనా పెట్టుకో" అని ఫోన్లో హితబోధ చేశావట. పాపం, కారు మానేసి సాయంత్రాలు నడుస్తానంది. చిన్నదానికి దగ్గు పట్టుకుని ఆ నడకా పోయింది. ఈ ఉదయం, "మామయ్యా, ఒక్క టీ వేడిగా ఉండగా కూర్చుని తాగుతాను. ఈ వారానికి ఇదే నా లక్ష్యం" అని నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

ముప్పై ఏళ్లు లారీ తోలినవాణ్ణి. దారిలో ఎక్కడ బండి ఆపినా, ఇంజను చల్లారేదాకా తీరిగ్గా కూర్చుని టీ తాగేవాణ్ణి. ఏ మహానుభావుడూ వచ్చి నన్ను చొక్కా ఏదని అడగలేదు.

కోడలు టీ గ్లాసు ఎత్తిందో లేదో, క్యాంపు నుంచి నీ ఫోను: "నా నీలం చొక్కా ఎక్కడ పెట్టావ్?" బీరువా అంతా తిరగేసింది. అప్పుడు తమరు, "ఆఁ, నా సంచిలోనే ఉందిలే" అని పెట్టేశారు. మీగడ కట్టిన టీ నిలబడే మింగి బస్సుకు పరుగెత్తింది.

షెడ్డులో ఉన్న నీ కారు తాళం ఇప్పుడు నా జేబులో ఉంది. రేపటి నుంచి కోడలికి నేనే నేర్పుతాను, పిల్లల్ని మీ అమ్మ చూస్తుంది. కారుకు గీతలు పడితే పడనీ. ఈలోగా నువ్వూ అందుకోగలిగిన లక్ష్యం ఒకటి పెట్టుకో: నీ చొక్కా నువ్వే వెతుక్కో.

దీవెనలు అది సాధించాక.

మీ నాన్న