శుక్రవారపు పాఠం నుంచి విడుదల కోరుతూ

సంయోజకులు గారికి,
న్యాయవాదుల సాంకేతిక శిక్షణ విభాగం, మచిలీపట్నం.

అర్జీదారు: కె. సుప్రియ, న్యాయవాది, కోడూరు, దివిసీమ.

విషయం: సాంకేతిక శిక్షణలో ప్రాంతీయ రిసోర్స్ పర్సన్ బాధ్యత నుంచి తప్పించి, నన్ను తిరిగి న్యాయవాదిగా ఉండనిచ్చుట గురించి.

అయ్యా,

ఇదే విషయమై ఆన్‌లైన్‌లో పెట్టుకున్న అర్జీకి ఫలితం లేనందున, ఈసారి కాగితం మీద రాసి రిజిస్టరు పోస్టులో పంపుకుంటున్నాను. కారణములు ఈ దిగువ మనవి చేయడమైనది.

1. నేను దివిసీమలో సివిలు కేసులు చూసుకునే న్యాయవాదిని. ఈ-ఫైలింగు, డిజిటల్ సంతకం, వీడియో విచారణ మొదలగు అంశములలో న్యాయవాదులందరూ విధిగా శిక్షణ పొందవలెనన్న తమ ఉత్తర్వు మేరకు, అందరితో పాటు నేర్చుకొనుటకే మొదటి తరగతికి మచిలీపట్నం వచ్చాను. ఆ రోజు విజయవాడ నుంచి పాఠం చెబుతున్న వారి ముఖం తెర మీద కనబడింది గాని మాట వినబడలేదు. హాలంతా గోలగా ఉంటే నేను లేచి వెళ్లి స్పీకరు గుర్తు మీద నొక్కాను. మాట వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. తమరు నా పేరు అడిగి రాసుకుని, "కొత్తవాళ్లు వచ్చేదాకా కాస్త చూడమ్మా" అన్నారు. కొత్తవారెవరూ రాలేదు. అప్పటి నుంచి రిసోర్స్ పర్సన్ పేరుతో, రేపు చెప్పవలసిన పాఠం ఈరోజు నాకు నేనే నేర్చుకుంటున్నాను.

2. న్యాయవాదులు ఈ పనులు స్వయంగా చేసుకోగలుగుటే ఈ తరగతుల ఉద్దేశం. అది నెరవేరలేదని విన్నవించుకుంటున్నాను. గుడివాడ సీనియరు న్యాయవాది రామబ్రహ్మం గారు తమరికి తెలిసినవారే. ఆయన వాదన వినడానికి జూనియర్లు పక్క కోర్టుల నుంచి వచ్చి నిలబడతారు. ఒకప్పుడు నేనూ అలా నిలబడ్డదాన్నే. అటువంటి ఆయన రోజూ నాకు ఫోను చేస్తారు.

"అమ్మాయ్, నా పాస్‌వర్డ్ ఏవిటీ?"

"మీరు పెట్టుకున్నదే మాస్టారూ. ఎక్కడన్నా రాసి పెట్టుకోండి."

"నువ్వుండగా నాకా బాధెందుకమ్మా?"

ఆయన ఒక్కరే కాదు, అందరిదీ అదే మాట. కోర్టు వరండాలో నాకు నమస్కారాలు పెరిగాయి, కేసులు తగ్గాయి. "ఆవిడ కంప్యూటరు మేడమ్ అండీ, వాదించరు" అని ఒక గుమస్తా నా కక్షిదారుతోనే అన్నాడు.

3. ఆ కక్షిదారు పేరు మోషే. కోడూరు దగ్గర ఆయనకు కొద్దిపాటి వరిచేను ఉంది. దాని ఎగువన రొయ్యల చెరువు తవ్వినవారు ఉప్పునీటిని, చేలకు నీరు పారే పంట బోదెలోకి వదులుతుంటే, నేను దావా వేసి, ఆ నీరు వదలకూడదని తాత్కాలిక ఉత్తర్వు తెచ్చాను. అది గడువు గల ఉత్తర్వు. గడువు ముగిసే శుక్రవారం నాడు వీడియోలో విచారణ ఉండగా, శనివారం జరగవలసిన శిక్షణను తమరు అదే రోజుకు మార్చారు. సెలవు అడిగాను. "ఎలాగూ వీడియో విచారణే కదమ్మా, ఇక్కణ్ణించే హాజరవ్వు. నువ్వు రాకపోతే అందరి హాజరూ పోతుంది" అన్నారు. ఒప్పుకున్నాను.

4. ఆ రోజు పాఠం వీడియో విచారణలో న్యాయవాది ఎలా నడుచుకోవాలన్నది. నేను వేదిక మీద ఉండి, ఫోనులో విచారణకు చేరి, కేసు పిలిచే వేళ కోసం చెవి అటే పెట్టుకుని పాఠం చెబుతున్నాను. ఇంతలో హాల్లో నెట్ పోయింది. తమరు వేదిక దగ్గరికి వచ్చి, "నీ ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టమ్మా" అన్నారు.

"సార్, నా కేసు పిలుస్తారు."

"ఐదు నిమిషాలే. ఈలోపు పిలవర్లే."

పెట్టాను. హాలంతా దాని మీద పడేసరికి నా ఫోనులో విచారణ బిగుసుకుపోయింది. తలెత్తి చూద్దును గదా, చివరి వరుసలో కిటికీ పక్కన చెరువువారి న్యాయవాది గిరిధర్ గారు కూర్చుని ఉన్నారు. వెలుతురు ముఖం మీద పడేలా, మైకు నోటికి దగ్గరగా, ఎదురుగా సొంత ఫోను, మెడకు తెల్ల బ్యాండు. అన్నీ నేను చెప్పినట్టే. ఆయన పెదవులు కదులుతున్నాయి. నా కేసే నడుస్తోందని అర్థమైంది. వేదిక దిగి పరిగెత్తాను. నేను వెళ్లేసరికి ఆయన "థాంక్యూ యువర్ ఆనర్" అని తల వంచి లేస్తున్నారు. వాది తరఫు న్యాయవాది హాజరు కాలేదని జడ్జి గారు రాసుకుని, ఉత్తర్వును పొడిగించలేదు.

గిరిధర్ గారిని నేను తప్పు పట్టడం లేదు. ఆయన నా కళ్లల్లోకి చూడలేక నేల చూస్తూ, "మిమ్మల్ని పిలుద్దామనుకున్నానండీ మేడమ్. కానీ నాకూ క్లయింటున్నాడు కదండీ" అన్నారు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అంతే చేసేదాన్ని. నా దగ్గర సరిగ్గా నేర్చుకున్నది ఆయన ఒక్కరే.

5. చెరువువారు మర్నాడే నీరు వదిలారు. నేను చూడడానికి వెళ్లాను. నారుమడిలో నారు కొసలు ఎర్రబారి, నేల మీద తెల్లటి పొర కట్టి ఉంది. మోషే గారు గట్టు మీద నిలబడి ఉన్నారు. నన్ను తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

"పర్లేదు లాయరమ్మ గారూ," అన్నారు. "మీరు పెద్ద పెద్ద లాయర్లకే పాటాలు చెప్తన్నారంట గదా. మాయావిడ వాట్సాప్‌లో మీ ఫొటో చూపించింది. మాబోటోళ్ల కేసులకి మీకు తీరికెక్కడుంటదండీ."



6. తరువాత ఈ బాధ్యత నుంచి తప్పించమని తమ వెబ్‌సైటులో అర్జీ పెట్టాను. "మీ అర్జీ పరిష్కారం నిమిత్తం సంబంధిత రిసోర్స్ పర్సన్‌కు పంపబడినది" అని జవాబు వచ్చింది. ఆ రిసోర్స్ పర్సన్‌ను నేనే. నా అర్జీ నా లాగిన్‌లోకే వచ్చి కూర్చుంది. తెరిచి చూస్తే ఒప్పుకునే అధికారం నాకు లేదు. "మరింత శిక్షణ ఇవ్వబడును" అన్న ఒక్క జవాబు మాత్రమే నొక్కడానికి వీలుంది.

7. ఉత్తర్వును పునరుద్ధరించమని మోషే గారి తరఫున వేసిన పిటిషను వచ్చే శుక్రవారం విచారణకు వస్తుంది. తమరు అదే రోజు మళ్లీ తరగతి పెట్టారు.

కావున పై సంగతులన్నీ దయతో ఆలోచించి, సదరు శుక్రవారానికి ముందే నన్ను ఈ బాధ్యత నుంచి విడుదల చేయుటకు చిత్తగించవలెనని వేడుకుంటున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
కె. సుప్రియ,
న్యాయవాది

తా.క. కవరు అంటించబోతుంటే రామబ్రహ్మం గారు ఫోను చేశారు. మనసు ఆగక ఈ అర్జీ మొత్తం చదివి వినిపించాను. అంతా విని ఆయన, "దీనికింత బాధపడతావా తల్లీ? శుక్రవారం నీ కేసు నేను వాదిస్తాలే. ఫీజు కూడా వద్దు. నువ్వు హాయిగా క్లాసు చెప్పుకో" అన్నారు. మనసారా అన్న మాటే అది. ఆయన వాదిస్తే గెలుపు ఖాయమని కూడా నాకు తెలుసు.

"అది నా కేసు మాస్టారూ," అన్నాను.

"మరి మా సంగతేంటమ్మా?" అన్నారు, అయోమయంగా.

ఆ ప్రశ్నకు తమరే వారికి జవాబు చెప్పవలెను. ఉత్తర్వు వచ్చినా రాకపోయినా, శుక్రవారం నేను కోర్టు హాల్లో మోషే గారి పక్కన నిలబడి ఉంటాను.