ఏకీ

లలితా,

మీ ఇంటికి వస్తూ రైల్లో నేను చీర తడుపుకున్నానని బంధువుల్లో ప్రచారం జరుగుతోందట. అది నిజం కాదు. నా ఒడిలో కూర్చున్న మనవరాలు వర్షిణి తడిపింది. పసిదాన్ని నలుగురిలో దోషిని చేయడం ఇష్టంలేక స్టేషనులో మీ ఆయనకు చెప్పలేదు.

రెండున్నరేళ్ల పిల్లకు ఇప్పుడిప్పుడే డైపరు మాన్పిస్తున్నాం. దిగబోయే ముందు “ఏకీ, ఏకీ” అని ఏడ్చింది. అన్న వెంకీ కోసమనుకుని, “వెంకీ సూరత్‌లో ఉన్నాడమ్మా, ఫోన్ చేద్దాం” అన్నాను. ఎదుటి గుజరాతీ ఆవిడ “అరే బా, ఛోక్రీనే ఏకీ లాగీ ఛే!” అని నవ్వేలోగా అంతా అయిపోయింది. అది క్రెష్‌లో నేర్చిన మాట. ఇక్కడ సూరత్‌లో పిల్లలు మూత్రానికి వెళ్లాలంటే అలా అంటారట. బి.ఏ. చదివి, ఆరేళ్లుగా ఇక్కడ ఉంటూ నేను తెలుసుకోలేదు. తప్పు నాదే.

మా అబ్బాయి మురళీ నిన్న హజీరా ఫ్యాక్టరీ డ్యూటీ నుంచి వస్తూ పెద్దవాళ్ల డైపర్లు తెచ్చాడు. నిజం చెబితే తలూపాడు గానీ నమ్మలేదు. “సిగ్గుపడకమ్మా. ఇకమీదట ఒక్కదానివే ప్రయాణాలు వద్దు” అన్నాడు. అప్పటినుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఈ ఉత్తరం మూడోసారి మొదలుపెట్టాను.

మీ కోమలి పెళ్లికి నాకూ వర్షిణికీ ఈ ఉదయం టిక్కెట్లు తీసుకున్నాను. మురళీకి సాయంత్రం తెలియజేస్తాను. అడగను.

అక్కయ్య