నేను తిప్పని కాగితం

కామారెడ్డి,
బుధవారం, మధ్యాహ్నం.

చిరంజీవి నిహారికకు మీ బాపు దీవించి రాసేది. ఇక్కడ మేం క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. ఈ మాట లేకుండా ఉత్తరం మొదలుపెట్టడం నాకు చేతకాదు, అందుకే రాశాను. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయని నవ్వకు. ఒక్క చేత్తోనే రాస్తున్నాను, కాగితం జారిపోతోంది. పరీక్షలయ్యేదాకా మీ నర్సింగ్ హాస్టల్లో ఫోన్లు తీసి పెట్టుకుంటారు కదా. మన పక్కింటి వనజ ఇక్కడి నుంచే రెండు గంటల బస్సుకు హైదరాబాద్ వస్తోంది, ఆమె చేతికిస్తాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. నీ పచ్చ చున్నీ పెట్టె అడుగున దొరికింది, వనజ సంచిలో ఉంది. బర్రె ఈనింది, పెయ్యదూడ. మీ అమ్మ మాత్రలు వేళకు వేసుకుంటోందా అని అడిగావు. గుండెలో కవాటం మార్చినప్పటి నుంచి ఒక్క రోజూ తప్పలేదు. బీడీల చాట ముందు నుంచి లేచి మరీ వేసుకుంటుంది.

ఇక జలగల సంగతి. అవును, మీ తాత జలగలు పట్టేవాడు. కాలువలో మోకాళ్ల దాకా దిగి, తన కాళ్లకే పట్టించుకుని కుండలో వేసేవాడు. సెగ్గడ్డలకూ వాపులకూ పెట్టేవాడు. నాకూ నేర్పాడు. జలగలోళ్లని ఊళ్లో నవ్వేవాళ్లు, పెళ్లయిన కొత్తలో మీ అమ్మా నవ్వింది. అలాంటిది, జలగ ఉమ్మిలో హిరుడిన్ అనే పదార్థం ఉంటుందనీ, అది రక్తాన్ని గడ్డకట్టనివ్వదనీ, తెగిన వేలు తిరిగి కుట్టాక అందులో రక్తం నిలిచిపోతే పెద్ద ఆసుపత్రుల్లోనూ జలగలు పెడతారనీ నువ్వు రాస్తే నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను. ఎల్లారెడ్డిలో చాయ్ హోటల్ ముందు నిలబడి మూడుసార్లు పైకి చదివి వినిపించాను. మడిచి జేబులో పెట్టుకున్నాను. పన్నెండు రోజులు అది నా జేబులోనే ఉంది.

బిడ్డా, ఇంతసేపూ దారి తిప్పి తిప్పి రాస్తున్నాను. ఇక చెప్పక తప్పదు.

మీ అమ్మ మోకాలి కింద నల్లగా కమిలి వాచింది. కాళ్లు చాపి బీడీలు చుట్టలేకపోయింది. సోమవారం నేను కాలువకు పోయి నాలుగు జలగలు పట్టుకొచ్చాను.

"డాక్టర్‌ను ఒక్కమాట అడుగరాదు?" అంది మీ అమ్మ.

"గా డాక్టర్లు సదివేదే గిది. మన బిడ్డనే రాసింది. నీ గోళీ రక్తం పల్చగ జేస్తది, జెలగ గూడ గదే జేస్తది. రెండు గలిస్తె జల్దిన తక్కువైతది" అన్నాను.

నిజంగానే అలా అనుకున్నాను. ఆమె నన్ను నమ్మి కాలు చాపింది. జలగలు తాగి రాలిపోయాక పసుపు అద్ది కట్టు కట్టాను. కొంతసేపు కారడం మామూలేనని ధైర్యం చెప్పాను. మంగళవారం పొద్దునకు కట్టు, చాప, ఆమె చీర అంచు అన్నీ తడిశాయి. ఎల్లారెడ్డి ఆసుపత్రిలో ముళ్లతీగ గీరిందని చెప్పాను. సిగ్గుతో చెప్పానమ్మా, భయంతో కూడా. వాళ్లు ఇక్కడికి, కామారెడ్డి పెద్దాసుపత్రికి పంపారు. ఇక్కడా తీగ అనే చెప్పాను.

ఈ పొద్దున సునీల అనే నర్సు కట్టు విప్పి చాలాసేపు చూసింది.

"కాకా, తీగ గీరితే గీత పడ్తది. గిది మూడు మొనల గాటు. నాలుగు జాగలల్ల ఒక్కతీరుగున్నది. జెలగలేనా?"

జేబులోంచి నీ ఉత్తరం తీసి ఇచ్చాను, ఇందులో రాసిందే చేశానన్నట్టు. ఆమె చదివింది. తర్వాత కాగితం తిప్పింది.

"గీ వెనుక సదివినవా కాకా?"

చదవలేదు. మూడుసార్లు పైకి చదివినవాణ్ని, ఒక్కసారీ కాగితం తిప్పలేదు. వెనక నువ్వు రాశావు: "బాపూ, నువ్వు సంబరపడతావని రాశాను. అమ్మకు మాత్రం ఎప్పుడూ పెట్టకు. ఆమె మాత్రలూ రక్తాన్ని గడ్డకట్టనివ్వవు. రెండూ కలిస్తే ఆగదు."

కాబట్టి ఇందులో నీ తప్పు రవ్వంత కూడా లేదు. రేపు ఎవరేమన్నా ఈ మాట గుర్తుపెట్టుకో.

డాక్టరమ్మకు అంతా చెప్పేశాను. ఆమె తిట్టలేదు, తిడితే బాగుండేది. సూది వేసింది. అది పనిచేయడానికి కొన్ని గంటలు పడుతుందట, అప్పటిదాకా దూది గట్టిగా ఒత్తి పట్టుకోమంది. నా ఎడమ చేయి అక్కడే ఉంది. ఇన్ని కాళ్లకు జలగలు పెట్టినవాణ్ని, రక్తం ఎలా ఆపాలో నాకు తెలియదు. చేయి కింద వెచ్చగా తగులుతూనే ఉంది. మీ అమ్మ పెదవులు తెల్లబడ్డాయి. "పొల్లకు జెప్పకు, పరీక్షలు పాడైతయి" అని గొణుగుతోంది. నేనూ అదే అంటాను. నువ్వు పరీక్షలు రాసుకో, రావద్దు.

ఈ కాగితం వెనక పక్క ఖాళీగా ఉంచాను. ఇప్పుడు దూది ఎత్తి చూసి అక్కడ రాస్తాను. నువ్వు మాత్రం తిప్పి చూడు తల్లీ.

ఇట్లు,
నీ బాపు,
లింబాద్రి.

(వెనక)

ఎత్తి చూశాను. ఆగలేదు. ఇంకో దూది ఇచ్చారు, ఒత్తి పట్టుకున్నాను. వనజ బస్సుకు టైమైందని నిలబడింది. ముందు పక్క రావద్దని రాసింది వదిలేయ్. నువ్వు రా.